నా విలన్ మరీ తెలివైనవాడైపోయాడు. నాయిక అతన్ని ఎలా గెలవాలి?

మిరపతోట:

నమస్కారమండి. ఒక నవల రాస్తున్నాను. ముప్పాతిక వంతు అయింది. అక్కడి నుంచి ముందుకు కదలడం లేదు. అడ్డం పడ్డది నేనే తయారుచేసిన విలన్.

కథ గుంటూరు మిర్చి వ్యాపారం మీద. శేషగిరి ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని. ఒకప్పుడు అందులోనే గుమస్తాగా చేరి, పాత యజమాని పోయాక వారసుల దగ్గర కొనుక్కున్నాడు. రైతులు దాచుకున్న టిక్కీల (మిర్చి బస్తాల) మీద, వాళ్లకు తెలియకుండా, వాళ్ల పేర్లతోనే బ్యాంకులో తాకట్టు రుణాలు తీస్తాడు. అది చాలదన్నట్టు అసలు గేటు లోపలికి రాని సరుకుకు కూడా బాండ్లు, అంటే సరుకు దాచినట్టు స్టోరేజీ ఇచ్చే రసీదులు, పుట్టిస్తాడు. నాగమణి ఒక కౌలు రైతు కూతురు. అదే స్టోరేజీలో బాండ్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. ఒక రోజు తండ్రి పేరు మీద రెండు వందల టిక్కీలకు రుణం ఉన్నట్టు కనిపిస్తుంది. అది నల్లతామర పురుగు తోటలను ఊడ్చేసిన 2021 పంట. ఆ ఏడాది వాళ్లు స్టోరేజీలో ఒక్క టిక్కీ కూడా పెట్టలేదు.

శేషగిరి కేకలు వేసే మనిషి కాదు. తన పథకాన్ని ఎవరికీ విడమరచి చెప్పడు. లెక్కలు తానే రాసుకుంటాడు. ప్రతి దొంగ కాగితానికీ దాన్ని నిలబెట్టే ఇంకో కాగితం ఉంటుంది. సాయంత్రం ప్లాంటు గది నుంచి గేటు దాకా నడుస్తూ ఆ రోజు వచ్చిన లారీల నంబర్లన్నీ గుర్తుపెట్టుకుంటాడు. ఏ రైతు వచ్చి సరుకు అడిగినా ఆ రోజే గేటు దాటిస్తాడు. అందుకే చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాటంటే గురి.

నాగమణి ఫోనులో ఆయన ఒప్పుకోలు రికార్డు చేసినట్టు రాశాను. ఆయన అలా నోరు జారడు, కొట్టేశాను. అకౌంటెంటుకు పశ్చాత్తాపం కలిగిద్దామంటే అసలు అకౌంటెంటే లేడు. కొత్తగా వచ్చిన నిజాయితీ గల పోలీసు అధికారితో దాడి చేయించాను. అప్పుడు నా నాయిక ఎందుకు, ఆ అధికారి కథే రాసుకోవచ్చు కదా? మా తమ్ముడు చదివి, “అక్కా, న్యాయంగా చూస్తే శేషగిరే గెలవాలి” అన్నాడు.

ఇన్ని అధ్యాయాలు తెలివిగా ఉన్నవాడు చివరి అధ్యాయంలో మాత్రం వెర్రివాడు కాకూడదు. అదొక్కటే నా షరతు. నాగమణి చదివింది ఇంటర్. మంచి జ్ఞాపకశక్తి, ఓపిక తప్ప ప్రత్యేకమైన తెలివి ఏమీ లేదు. సలహా చెప్పండి.

*

సాయంత్రం సీరియల్:

విలన్‌కు ఒక కూతుర్ని పెట్టండి. ఆ అమ్మాయి నాగమణి తమ్ముణ్ణి ప్రేమిస్తుంది. కూతురి కన్నీళ్లు చూసి ఆయనే లొంగిపోతాడు. పాఠకులు కూడా ఏడుస్తారు.

*

నల్లపావు:

కూతురి సంగతి పక్కన పెడదాం. తెలివైనవాడి బలహీనత అతని తెలివిలోనే ఉంటుంది. ఎదుటివాడు కూడా తనలాగే ఆలోచిస్తాడని అనుకుంటాడు.

1997 మే నెలలో న్యూయార్క్‌లో చదరంగం ఆటగాడు కాస్పరోవ్ డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆరు ఆటల మ్యాచ్ ఆడాడు. రెండో ఆటలో కంప్యూటర్ అందుబాటులో ఉన్న బంట్ల వెంట పడకుండా నిదానంగా పట్టు బిగించింది. యంత్రం ఇలా ఆడదే అని ఆయన కలవరపడ్డాడు. చివరికి ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. తర్వాత విశ్లేషిస్తే, రాజుకు వరుసగా చెక్ చెబుతూ ఆటను డ్రా చేసుకునే దారి ఆ స్థితిలో ఉందని తేలింది. అంత లోతుగా ఆడే యంత్రం అలాంటి దారి వదిలి ఉండదనుకున్నాడు. మ్యాచ్ 3.5–2.5తో పోయింది. అప్పటి ప్రపంచ ఛాంపియన్ వెర్రివాడేమీ కాదు కదా!

మీ నాగమణి చేత బాండ్లు ఎక్కించేటప్పుడు ఒక మామూలు పొరపాటు చేయించండి. ‘తేజ’ రకం మిర్చి బదులు ‘341’ అనే ఇంకో రకం పేరు కొట్టింది, అంతే. శేషగిరి దాన్ని పొరపాటు అనుకోడు. ఈ పిల్లను ఎవరు పంపారు, ఈ అంకె ఎవరికి సంకేతం అని రాత్రంతా పాత ఫైళ్లు తీస్తాడు. ఆమెకు ఆ సంగతే తెలియదు. మంచి హాస్యం కూడా పండుతుంది.

అయితే దీన్నే ముగింపు చేయకండి. ఇది అతన్ని అలసిపోయేలా చేస్తుంది, ఓడించదు.

*

పాత తాళాలు:

అమ్మా మిరపతోటా, మీరు తెలివికి తెలివిని పోటీ పెడుతున్నారు. అందుకే ఆగిపోయారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. గోడౌన్లు, స్టోరేజీలు తనిఖీ చేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఇలాంటి మోసాల్లో తెలివి కంటే మోత ఎక్కువ. ఒక దొంగ బాండు రాసిన వాడు దాన్ని రోజూ మోయాలి. వడ్డీ కట్టాలి, గడువు తిరగరాయించాలి, తనిఖీ నాడు సరుకు చూపించాలి. శేషగిరి ఎంత తెలివైనవాడైనా ఆ బరువు తగ్గదు.

ముందు ఒక పాత కథ చెబుతాను, ఇది నిజంగా జరిగింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం బయోన్‌లో టినో డి ఏంజెలిస్ అనే వ్యాపారి నూనె ట్యాంకులు నడిపేవాడు. నూనె ఉన్నట్టు గిడ్డంగి రసీదులు పుట్టించి, వాటి మీద అప్పులు తెచ్చేవాడు. ఆ రసీదులు ఇచ్చింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వారి అనుబంధ సంస్థ, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ట్యాంకుల్లో ఎక్కువ భాగం నీళ్లు. నూనె పైన తేలుతుంది గనుక, పైనుంచి కర్ర ముంచి చూసిన తనిఖీదారుకు నూనే తగిలేది. 1963 నవంబరులో బండారం బయటపడేసరికి నష్టం 15 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో నాకు నచ్చిన భాగం వేరే ఉంది. అతని కాగితాల మీద ఉన్న నూనె, ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఉన్న నిల్వ కంటే ఎక్కువ. ఆ లెక్కలు రహస్యమేమీ కాదు, అచ్చువేసి పంచినవే. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు!

టిక్కీల్లోనూ ఇదే విద్య. నెట్టు (బస్తాల దొంతర) కట్టినప్పుడు మనకు కనిపించేది బయటి వరసలే. పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కపెట్టి గుణిస్తాం. నడుమ డొల్ల ఉందేమో పైకెక్కి చూసేవాళ్లు తక్కువ. ఛాంబరులో చలి, పైగా ఘాటు. దగ్గుతూ బయటికి వచ్చి సంతకం పెట్టేస్తారు. మీ శేషగిరికి ఇదంతా తెలిసే ఉంటుంది. స్టోరేజీ సామర్థ్యానికి మించి బాండ్లు రాసేంత తెలివితక్కువవాడూ కాడు. కాబట్టి డి ఏంజెలిస్ చేసిన తప్పు అతనిచేత చేయించకండి.

మరి నాగమణికి నిజం ఎలా తెలుస్తుంది? హమాలీల దగ్గర. హమాలీల ముఠాను నడిపే మేస్త్రీ దగ్గర ఒక చిట్టా ఉంటుంది. ఏ రోజు ఎన్ని టిక్కీలు దించారో, ఎన్ని ఎక్కించారో అందులో ఉంటుంది. అది ఎవరినో పట్టించడానికి రాసినది కాదు, కూలి పంచుకోవడానికి రాసుకున్నది. మొయ్యని బస్తాకు కూలి రాదు, మోసిన బస్తాకు కూలి వదులుకోరు. స్టోరేజీ మొత్తంలో అబద్ధం చెప్పే అవసరం లేని పుస్తకం అదొక్కటే. శేషగిరి అన్ని రిజిస్టర్లూ దిద్దగలడు. ఈ చిట్టా అతని బల్ల మీదికి ఎప్పుడూ రాదు, ఎందుకంటే అది రాసేవాణ్ణి అతను రాసేవాడిగా చూడలేదు.

*

మిరపతోట:

పాత తాళాలు గారూ, చదువుతుంటే ఛాంబరులో నిలబడ్డట్టే ఉంది. మా నాన్న కూడా మిర్చి వేసేవారు. ఆ చిట్టా నేను చూశాను, బీడీ కట్ట పక్కన చొక్కా జేబులో ఉండేది. ఇన్నేళ్లూ అది నవలలోకి రావచ్చని తోచలేదు.

కానీ శేషగిరి ఆ స్టోరేజీలోనే గుమస్తా కదండీ. చిట్టా సంగతి అతనికి తెలియదంటే నేనే నమ్మను. తెలిస్తే, దొంగ టిక్కీలకు కూడా ముఠాకు కూలి ఇచ్చేస్తాడు. లేకపోతే చిట్టా కాల్పించేస్తాడు.

*

పాత తాళాలు:

మొయ్యని బస్తాకు కూలి ఇస్తే ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర ఆ మాట నలుగుతుంది. కాల్పిస్తే ఎందుకు కాల్చాడన్న ప్రశ్న మొదలవుతుంది. ఒక కన్నం మూస్తే పక్కన ఇంకోటి. అయినా మీ మాటలో న్యాయం ఉంది. చిట్టా ఆమెకు నిజం తెలియడానికి పనికొస్తుంది, అతన్ని పడగొట్టడానికి కాదు. న్యాయస్థానంలో బీడీ వాసన వచ్చే పుస్తకం ఎంత నిలుస్తుందో నాకు తెలుసు. మనవరాలి స్కూలు బస్సు వచ్చే వేళైంది. మిగతాది రాత్రికి రాస్తాను.

*

రంగస్థలి:

ఆలోగా నేను ఒక పాత నాటకం గుర్తుచేస్తాను. విశాఖదత్తుడి ముద్రారాక్షసం. అందులో గెలిచేవాడు చాణక్యుడు, ఓడేవాడు నందుల మంత్రి, రాక్షసుడు అన్నది అతని పేరే. రాక్షసుడు తక్కువ తెలివైనవాడా? కాదు. నాటకం పొడవునా అతను పెద్ద వెర్రిపని ఒక్కటీ చేయడు. ఒక మంచిపని చేసి చిక్కుకుంటాడు.

చాణక్యుడు రాక్షసుడి మిత్రుడు శకటదాసుడి చేతే, విషయం అతనికి తెలియకుండా, ఒక ఉత్తరం రాయిస్తాడు. దాని మీద రాక్షసుడి ముద్ర వేయిస్తాడు. తర్వాత ఆ శకటదాసుడికే మరణశిక్ష విధించి, తన గూఢచారి సిద్ధార్థకుడి చేత తప్పించి రాక్షసుడి దగ్గరికి పంపుతాడు. స్నేహితుడి ప్రాణం కాపాడి తెచ్చినవాడికి ఎవరైనా ఏం చేస్తారు? రాక్షసుడు తన ఒంటి మీది నగలు తీసి ఇస్తాడు. అవి అతను ఆశ్రయించిన రాజు మలయకేతు అతనికి బహూకరించినవి. రేపు ఉత్తరంతో పాటు ఆ నగలూ మలయకేతు ముందు బయటపడతాయి. ఇంక రాక్షసుడు ద్రోహి కాదంటే ఎవరు నమ్ముతారు? చివర్లో అతన్ని బయటికి రప్పించేది కూడా అదే గుణం. తనకోసం వధ్యస్థానానికి వెళుతున్న మిత్రుడు చందనదాసుణ్ణి వదులుకోలేక తానే వచ్చి నిలబడతాడు.

మిరపతోట గారూ, మీరు మొదటి పోస్టులోనే రాశారు చూడండి: ఎవరు సరుకు అడిగినా ఆ రోజే గేటు దాటిస్తాడు. అది అతని మంచి గుణం, అతని గర్వం, అతని వ్యాపారానికి పునాది. అక్కడ పట్టుకోండి.

ఇంకొక సంగతి. చాణక్యుడికి ఆ ముద్ర ఉన్న ఉంగరం దొరకడం పూర్తిగా అదృష్టమే. చందనదాసుడి ఇంట్లో దాక్కున్న రాక్షసుడి భార్య, బయటికి వచ్చిన పిల్లవాణ్ణి లోపలికి లాక్కుంటుంటే వేలి నుంచి జారి గూఢచారి కాళ్ల దగ్గరికి దొర్లుతుంది. ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే అది మొదటి అంకంలో జరుగుతుంది. అదే ఉంగరం ఏడో అంకంలో దొర్లి ఉంటే ప్రేక్షకులు చెప్పులు విసిరేవారు. నాగమణికి అదృష్టం కావాలంటే ఇప్పుడే ఇచ్చేయండి. తండ్రి పేరు తెర మీద కనిపించడం ఒక అదృష్టం, అది అయిపోయింది. ఇక ఇవ్వకండి.

*

పాత తాళాలు:

రంగస్థలి గారు నా పని సగం చేసిపెట్టారు. మిగతా సగం ఇదిగో.

నాగమణి ఫిర్యాదు చేయకూడదు. ఫిర్యాదు చేస్తే ‘నిరూపించు’ అంటారు, నిరూపించడంలో శేషగిరి ఆమెను తినేస్తాడు. ఆమె చేయాల్సింది ఒక్కటే. అతని అబద్ధాన్ని నిజమని నమ్మినట్టు నడుచుకోవడం.

వివరంగా చెబుతాను. ఆమె తండ్రి పేరు మీద రుణం ఉంది కదా. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బ్యాంకుకు వెళ్లి, “బాబూ, నా అప్పు తీర్చేస్తాను, నా రెండు వందల టిక్కీలూ విడుదల చేస్తూ కాగితం ఇవ్వండి” అంటాడు. గొడవ లేదు, ఆరోపణ లేదు. అప్పు తీరుస్తానన్న రైతును ఏ బ్యాంకు కాదంటుంది? డబ్బు ఎక్కడిదంటారేమో. బ్యాంకు సరుకు విలువంతా అప్పుగా ఇవ్వదు, కొంత మినహాయించుకునే ఇస్తుంది. పైగా వేసవి సెలవుల తర్వాత మిర్చి మార్కెట్ యార్డు తెరిచాక అమ్మకానికి వచ్చేది ఎక్కువగా స్టోరేజీ సరుకే. ధర పెరిగిన వారంలో, బాండు విలువ అప్పు కంటే బాగా ఎక్కువగా ఉంటే, ఆ సొమ్ము సర్దడానికి కమీషన్ వ్యాపారులు ముందుకు వస్తారు.

ఇప్పుడు శేషగిరి ముందు ఏం దారులున్నాయి? ‘ఆ టిక్కీలు లేవు’ అనలేడు, బాండు అతనే రాశాడు. ‘రేపు రండి’ అనలేడు, అతను ఆ మాట ఎప్పుడూ అనలేదు, అన్న రోజు సాయంత్రానికి యార్డంతా తెలుస్తుంది. ఇంకొకరి టిక్కీలు తీసి ఇస్తే లేని సరుకుకు ఉన్న సరుకు పోయింది. బ్యాంకులో తన మనిషి ఉండి, ముందే ఫోను చేసి, తానే ఆ అప్పు చల్లగా తీర్చేశాడనుకోండి. అది అతనికున్న మంచి ఎత్తు, తెలివైనవాడు అదే వేస్తాడు. కానీ చేతి డబ్బు పోయింది. మర్నాడు ఇంకో రైతు వస్తాడు. ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో జాబితా ఎవరి తలలో ఉంది? రోజూ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పిల్ల తలలో. మీరే అన్నారు, మంచి జ్ఞాపకశక్తి అని.

సంతకాల సంగతి కూడా వదలకండి. రుణ పత్రం మీద ఉన్న సంతకం, ఎదురుగా కూర్చున్న ముసలాయన పెట్టే సంతకం ఒకటి కావు. అది మొదట కనిపించేది కౌంటరులో ఉన్న కుర్ర ఉద్యోగికి. అతను పైకి చెప్పాలా వద్దా అని ఎంతసేపు ఆలోచిస్తాడో మీ ఇష్టం. అక్కడ నేనైతే ఒక పేజీ రాస్తాను.

*

నల్లపావు:

చదరంగంలో దీన్ని జుగ్‌జ్వాంగ్ అంటారు. కదలకుండా ఉండే వీలు లేదు, ఏ కాయ కదిపినా స్థితి చెడుతుంది. విలన్ ప్రతి రోజూ సరైన ఎత్తే వేస్తాడు, ప్రతి సాయంత్రం ఇంకొంచెం పోగొట్టుకుంటాడు. నేను చెప్పినదాని కంటే ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. నా ‘341’ మాత్రం ఉంచండి.

*

రంగస్థలి:

ఒక్క సందేహం. అతను ఇచ్చే టిక్కీలు వేరే రైతులవి కదా? నాగమణి తండ్రి తనవి కాని బస్తాలు తీసుకువెళ్లి అమ్ముకుంటే అదీ దొంగతనమే. విలన్ను గెలవబోయి నాయిక అతని పక్కన చేరుతుంది.

*

పాత తాళాలు:

చేరుతుంది. తెలిసే చేరుతుంది. ఆ బస్తాల మీద ఎవరి ఊరి పేరు, ఎవరి గుర్తు ఉన్నాయో ఆమె చదువుతుంది కదా. వాటిని అమ్మనివ్వదా, యార్డుకు తోలకుండా ఆ గుర్తుల ప్రకారం అసలు రైతుల ఇళ్లకు పంపుతుందా, లేక తండ్రికున్న బయటి బాకీలు గుర్తొచ్చి ఒక రాత్రి తటపటాయిస్తుందా? అది రచయిత్రి చూసుకోవాలి. బ్యాంకు రూల్సులో దానికి జవాబు లేదు.

*

మిరపతోట:

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి కూర్చుని రెండు అధ్యాయాలకు వరస వేసుకున్నాను.

టిక్కీలు అమ్మనివ్వదు. తండ్రికి కోపం వస్తుంది, రెండు రోజులు కూతురితో మాట్లాడడు. లారీ నేరుగా ఆ గుర్తులున్న ఊరికి వెళుతుంది. అక్కడ ఒక రైతు తన సరుకు తాను అడగకుండానే ఇంటి ముందు దిగడం చూసి, సంతోషపడడు, భయపడతాడు. “నేను అమ్మమనలేదే, శేషగిరి గారు ఎందుకు పంపించారు?” అని మర్నాడు పొద్దున్నే బస్సెక్కి స్టోరేజీకి వస్తాడు. అతని వెనకే ఇంకొందరు. వీళ్లను నాగమణి పిలవలేదు. ఇది మీరెవరూ చెప్పలేదు, కాబట్టి నాదే.

శేషగిరికి నాలుగో రోజుకు అర్థమవుతుంది, ఎవరి పనో. అతను నాగమణిని పిలిచి బెదిరించడు. కూర్చోమని చెప్పి జీతం పెంచుతాడు. అదీ అప్పటి నుంచి అమలు కాదు, పోయిన నెల నుంచి. తెలివైనవాడు భయపడితే ఇలాగే చేస్తాడని నాకు అనిపించింది. ఆమె ఆ డబ్బు తీసుకుని రసీదు మీద సంతకం పెడుతుంది, తన అసలు సంతకం. పాత తాళాలు గారి కుర్ర ఉద్యోగికి రెండు పేజీలు ఇచ్చాను.

సీరియల్ గారూ, శేషగిరికి కూతురు ఉంది. నాకు ముందే ఉంది. ఆమె స్టోరేజీని చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు చూసుకుంటుంది, ఎవరినీ ప్రేమించడం లేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. బ్యాంకు వాళ్లు నెట్టు పైకి ఎక్కి చూడాలనుకుంటే ఎలా ఎక్కుతారు? నిచ్చెన ఉంటుందా?

*

పాత తాళాలు:

నిచ్చెన అడిగితే ‘ఇప్పుడే తెప్పిస్తాను సార్’ అని టీ తెప్పిస్తారు. నేను బూట్లు విప్పి టిక్కీల అంచులు పట్టుకుని ఎక్కేవాణ్ణి. ముందు ఒక హమాలీని ఎక్కించి, అతను చేయి అందిస్తే ఎక్కడం పద్ధతి. ఆ చేయి ఇచ్చేది మీ మేస్త్రీ అయితే బాగుంటుంది. మేజోళ్లు మందంగా ఉన్నవి వేయించండి, లేకపోతే చలికి పాదాలు కొయ్యబారతాయి. దిగాక ఆ చేతులతో కళ్లు తుడుచుకోనివ్వకండి.